బండి రద్దయింది సరే, మన డబ్బుల సంగతి?

2024 సెప్టెంబరు 1. ఎడతెగని వానకి మహబూబాబాద్ జిల్లాలో ఇంటికన్నె, కేసముద్రం స్టేషన్ల మధ్య కట్ట తెగింది. కింద కంకరంతా కొట్టుకుపోయి పట్టాలు గాల్లో వేలాడాయి. విజయవాడ, కాజీపేట దారి మూతపడింది. వందల రైళ్లు రద్దు. ఇలాంటప్పుడు సామాన్లతో స్టేషన్లో నిలబడ్డ ఎవరైనా ముందు అడిగేది "ఇంకో బండుందా?" అని. ఆ తర్వాత "మరి డబ్బులో?" అని.

డబ్బుల జవాబు తేలికే. బండిని రైల్వేయే రద్దు చేస్తే చార్జీ మొత్తం వాపసు, కోత లేదు. ఆన్‌లైన్ టికెట్ అయితే ఏమీ చేయక్కర్లేదు. ఏ ఖాతాలోంచి కట్టారో అందులోకే వచ్చి పడుతుంది.

చాలామంది నష్టపోయేది తొందరపడి. "రద్దవుతుందట" అని ఎవరో అనగానే ఫోన్ తీసి తామే క్యాన్సిల్ కొట్టేస్తారు. రైల్వే చెప్పకముందే కొడితే అది మనం చేసుకున్న రద్దు కిందే లెక్క. కన్‌ఫర్మ్ అయిన స్లీపర్ టికెట్‌కి తలకి కనీసం 120 రూపాయలు పోతాయి. ముందు రైల్వే విచారణ నంబరు 139కి ఫోన్ చేసి ఖాయం చేసుకోవాలి.

కౌంటర్ టికెట్‌కి మాత్రం డబ్బు దానంతట అది రాదు. బండి బయల్దేరాల్సిన రోజు నుంచి మూడు రోజుల్లోపు ఆ కాగితం పట్టుకుని రిజర్వేషన్ కౌంటర్‌కి వెళ్లాలి. చొక్కా జేబులో మర్చిపోయి నానబెట్టేశారా, ఇక అడగడానికి చేతిలో ఏమీ ఉండదు.

రద్దు కాకపోయినా, మనం ఎక్కాల్సిన స్టేషన్‌కి బండి మూడు గంటలకి పైగా ఆలస్యమైతే, ఎక్కకుండా మానేసినవాళ్లకి అప్పుడూ పూర్తి వాపసే. కానీ బండి ఆ స్టేషన్ వదలకముందే ఆన్‌లైన్ టికెట్ వాళ్లు టీడీఆర్ (టికెట్ డిపాజిట్ రసీదు) అనే వాపసు దరఖాస్తు పెట్టాలి, కౌంటర్ టికెట్ వాళ్లు టికెట్ అప్పగించాలి. బండి కదిలాక గుర్తొచ్చి లాభం లేదు.

మరి రాత్రి దిగిన లాడ్జి గది, పెట్టుకున్న టాక్సీ, తప్పిపోయిన విమానం? వాపసు నిబంధనల్లో వీటికి చోటు లేదు. అలాగని దారే లేదనుకోకూడదు.

రాజస్థాన్‌లోని అల్వర్ నుంచి ఒకాయన 2016 జూన్‌లో రైల్లో జమ్మూ బయల్దేరారు. ఉదయం 8:10కి చేరాల్సిన బండి మధ్యాహ్నం 12కి చేరింది. అక్కణ్ణుంచి శ్రీనగర్ వెళ్లే విమానం కూడా 12కే! టాక్సీ మాట్లాడుకుని వెళ్లాల్సి వచ్చింది. తిరిగొచ్చాక వినియోగదారుల ఫోరానికి వెళ్లారు. టాక్సీకి 15 వేలు, బుకింగ్ ఖర్చులకి 10 వేలు, మనోవేదనకి 5 వేలు, కేసు ఖర్చులకి 5 వేలు ఇవ్వమని ఫోరం చెప్పింది. ఆలస్యానికి తమ బాధ్యత లేదని నిబంధనల్లోనే ఉందంటూ రైల్వే సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఆలస్యం తన చేతిలో లేని కారణంతో జరిగిందని చూపాల్సింది రైల్వేయేననీ, అది చూపలేదు గనక కట్టాల్సిందేననీ 2021 సెప్టెంబరు 6న కోర్టు తేల్చేసింది.

అంటే కేసముద్రంలా వరద వచ్చి కట్ట తెగితే ఖర్చుల వాదన నిలబడటం కష్టం. కానీ సరైన కారణమే చెప్పకుండా ఆపేసినా, ఆలస్యం చేసినా అడిగే హక్కు ఉంది. రెండేళ్లలోపు, ప్రయాణికుడు ఉంటున్న జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయొచ్చు. రైలు టికెట్ల లాంటి చిన్న మొత్తాలకి అక్కడ ఫీజు కూడా లేదు.

అక్కడ మాట్లాడేవి కాగితాలే. అందుకే ప్రయాణం చెడిపోయిన రోజు ఎంత చికాకుగా ఉన్నా, రైల్వే పంపిన మెసేజ్ చెరిపేయకండి. లాడ్జి బిల్లు, టాక్సీ రసీదు అడిగి మరీ తీసుకుని, టికెట్‌తో కలిపి ఒకే కవర్లో పెట్టుకోండి.