ఆరు గంటల కొక నొక్కు

మా సంఘంలో ఒక కుర్రవాడు సెల్‌ఫోనులో ఆడుకునే ఆట నొకదానిని స్వయంగా తయారుచేసి మాకు చూపించాడు. ఆఫీసుల మీద వేళాకోళం అది. ఒక కాగితం బల్ల నుంచి బల్లకు పోతూ ఉంటుంది. ఆడేవారు దానిమీద ముద్ర కొడుతూ ఉండాలి. తీరా చివరకు ఆ కాగితం మొదటి బల్ల మీదికే వస్తుంది! ఇరవై ఏళ్ళుగా మేము చేస్తున్నది ఆ పనే గనుక మాకు నవ్వు వచ్చింది. కొంచెం గుచ్చుకున్నది కూడా.

సంఘంలో పెద్ద లందరినీ సలహా లడిగాడట. ఒకరు ముద్ర కొట్టినప్పుడు గంట మ్రోగాలన్నారు. ఒకరు నూరు ముద్రల కొక బహుమతి పెట్టమన్నారు. మరొకరు, పాపం, ఆ కాగితం ఎక్కడో ఒకచోట మంజూరు కావాలన్నారు. "ఏది వినమంటారు బాబాయిగారూ?" అని అడిగాడు.

అప్పుడు మే మొక ఆవు కథ చెప్పాము.

ఇయాన్ బొగోస్ట్ అని అమెరికాలో ఒక ఆచార్యుడు. అప్పట్లో అట్లాంటాలోని జార్జియా టెక్‌లో ఉండేవాడు. ఫేస్‌బుక్‌లో ఫార్మ్‌విల్ వంటి ఆటలు జనాన్ని పట్టుకొని ఊపుతున్న రోజులవి. వాటిని ఎగతాళి చేయడానికి 2010 జూలైలో 'కౌ క్లికర్' అనే ఆట పెట్టాడు. అందులో ఒక ఆవు. దానిని ఒకసారి నొక్కాలి. మళ్ళీ నొక్కడానికి ఆరు గంటలు ఆగాలి. ఆగలేనివారు డబ్బు పెట్టి 'మూనీ' కొనుక్కోవాలి. అంతే!

నవ్వి ఊరుకుంటారనుకుంటే, ఒక దశలో 50,000 మందికి పైగా ఆడారు. వారు కోరుతున్న కొద్దీ ఆయన కొత్త హంగులు చేర్చాడు. ఉన్న ఆవునే అటు తిప్పి నిలబెట్టి 2,500 మూనీలు వెల కట్టాడు. హంగులు పెరిగాయి గాని ఎగతాళి పలచబడింది. చివరకు విసిగి, 2011 సెప్టెంబరులో ఆవు లన్నిటినీ మాయం చేశాడు. అయినా ఖాళీ నేలను నొక్కుతూ కొందరు మిగిలారు! ఇప్పుడు సరదాగా లేదని ఒకరు ఫిర్యాదు చేస్తే, ఇదివరకు మాత్రం ఏం సరదా ఉందని జవాబిచ్చాడట.

ఆడినవారిని తెలివితక్కువవా రనడం తేలిక. కాని ఆ ఆవు పేరిట వారిలో స్నేహాలు కుదిరాయి. ఆయన బాణం వేసింది ఆటల వ్యాపారం మీద, తగిలింది ఆడేవారికి.

అందుచేత అబ్బాయికి మూడు మాటలు చెప్పాము. "అర్థం కాలేదు" అన్నవారి మాట తప్పక విను. అది నీ లోపం. "విసుగ్గా ఉంది" అంటే మాత్రం ఆలోచించు. విసుగే నీ హాస్యమైతే దానిని తీసివేయకు, కాని పది నిమిషాలలో ముగించు. బహుమతులు, డబ్బు దగ్గరకు రానీయకు; అవి వస్తే నీ వెక్కిరింతే నీ వ్యాపారమవుతుంది.

ఇక మా స్వంత మనవి ఒకటి. ఆ ముద్ర కొట్టే గుమాస్తాకు నువ్వు ముఖం పెట్టలేదు, నాయనా. ఒక్కసారి తల ఎత్తి చూడనీ. నవ్వవలసింది ఆ కాగితాన్ని తిప్పే పద్ధతిని చూసి. తిప్పేవాడిని చూసి కాదు.

వారం తరువాత మళ్ళీ చూపించాడు. గంట లేదు, బహుమతి లేదు. గుమాస్తాకు కళ్ళజోడు వచ్చింది. అచ్చం మాదే!