బొటనవేలికి చెర్రీ వైద్యం

మా బావగారికి గౌట్. నొప్పి లేచిన రాత్రి కుడికాలి బొటనవేలు దొండపండులా ఎర్రబడుతుంది. దుప్పటి అంచు తగిలినా గావుకేక పెడతారు. మొన్న వెళ్తే ఫ్రిజ్‌లోంచి ఓ సీసా తీసి చూపించారు. "చెర్రీ జ్యూసోయ్! మాత్రలు మానేశా."

వాట్సాప్ వైద్యం అనుకున్నాను. చదివి చూస్తే మరీ కొట్టిపారేసే సంగతి కాదు. 1950లోనే లుడ్విగ్ బ్లా అనే ఆయన, చెర్రీలు తిని ఉపశమనం పొందిన 12 మంది గురించి టెక్సాస్ వైద్య పత్రికలో రాశాడు. 2012లో బోస్టన్ విశ్వవిద్యాలయం వాళ్లు 633 మంది గౌట్ రోగులను గమనించారు. గడిచిన రెండు రోజుల్లో చెర్రీలు తిన్నవాళ్లకు నొప్పి తిరగబెట్టే ముప్పు 35 శాతం తక్కువ. చెర్రీలతో పాటు అల్లోప్యూరినాల్ మాత్ర కూడా వేసుకున్నవాళ్లకు 75 శాతం తక్కువ! బావగారు మానేసింది సరిగ్గా ఆ మాత్రనే. పైగా 2020లో న్యూజిలాండ్ వాళ్లు 50 మంది రోగులను తీసుకుని, పుల్ల చెర్రీ రసాన్ని వేర్వేరు మోతాదుల్లో 28 రోజులు పరీక్షిస్తే, గౌట్‌కు మూలమైన యూరిక్ యాసిడ్ రక్తంలో కదల్లేదు.

నిద్ర పడుతుందనీ అంటారు. పుల్ల చెర్రీలో మెలటోనిన్ కొద్దిగా ఉన్న మాట నిజమే. కానీ నిద్ర మీద చేసిన ప్రయోగాల్లో ఒకదానిలో 20 మంది, ఇంకోదానిలో 15 మంది, మరోదానిలో 8 మంది. మా పార్కులో పొద్దున నడిచే బ్యాచ్ అంతకంటే పెద్దది. జబ్బులు నయమవుతాయని చెప్పుకుంటున్నందుకు 2005లో అమెరికా ఎఫ్‌డీఏ ఏకంగా 29 చెర్రీ కంపెనీలకు హెచ్చరిక లేఖలు పంపింది.

అసలు నా భయం వేరు. పంచదార కలపకపోయినా పెద్ద గ్లాసుడు రసంలో పాతిక గ్రాముల పైనే చక్కెర ఉంటుంది, అంటే ఆరేడు చెంచాలు. పండులోని పీచు వడకట్టడంలోనే పోతుంది. బావగారికి షుగర్ కూడా ఉంది.

ఇదంతా చెప్పి, ముందు డాక్టరుకు ఫోన్ చేయమన్నాను. ఓపిగ్గా విని, సీసా మూత బిగించి, "పోనీ కేకు మీద చెర్రీ తినొచ్చా?" అన్నారు.

మన బేకరీల్లో అది చాలాచోట్ల చెర్రీయే కాదు. గింజ తీసి, ఎర్రరంగు వేసి, పాకం పట్టిన వాక్కాయ. వానాకాలంలో అక్కయ్య పప్పులో వేస్తుంది చూడండి, అదే.