కష్టమైన చోటే ముందు!

పియానో మూణ్నాలుగేళ్లు నేర్చుకున్న పిల్లలు చాలామంది సరదాపడేది బీథోవెన్ ‘ఫర్ ఎలీజ్’ వాయించాలనే. 1810 నాటి ఈ పీస్ మొదలు తేలికే. చిక్కంతా మధ్యలో! అక్కడ స్వరాలు ఒక్కసారిగా పరుగందుకుంటాయి, వేళ్లు తడబడతాయి. నెలల తరబడి అక్కడే ఆగిపోతే పియానో అంటేనే విసుగు పుడుతుంది.

అందుకే కొత్త పీస్ ఎంచుకునేటప్పుడు అన్నిటికన్నా కష్టంగా కనిపించే చోటు వెతికి, ముందు అదే వాయించి చూడాలి. నెమ్మదిగానైనా చేతికి అందితే సరే. లేదంటే మరో ఏడాది ఆగడమే మేలు.

ఈలోపు వాయించడానికి మంచివి బోలెడు. షూమాన్ 1848లో తన కూతుళ్ల కోసం మొదలుపెట్టిన ‘ఆల్బమ్ ఫర్ ద యంగ్’లో 43 పీసులున్నాయి. మొదటి భాగం చిన్నపిల్లలకి, రెండోది కాస్త చెయ్యి తిరిగినవాళ్లకి. ఇక, షోపాన్ ‘ఇ మైనర్ ప్రెల్యూడ్’ (ఓపస్ 28లో నాలుగోది) పట్టుమని పాతిక బార్లే. ఎడమచేత్తో కార్డ్స్, కుడిచేత్తో నిదానంగా సాగే చిన్న బాణీ. కష్టం వేగంలో కాదు, మీటల్ని మెత్తగా నొక్కడంలో ఉంటుంది. 1849లో షోపాన్ అంత్యక్రియల్లో వినిపించిన వాటిలో ఇదీ ఒకటి.

తేలిగ్గా చేతికొచ్చేవన్నీ పిల్లల పాటలేం కాదు మరి!