చందమామకు పట్టాదారు ఎవరు?

చంద్రుడు ఏ దేశపు సొత్తూ కాదని 1967 నాటి అంతరిక్ష ఒప్పందం చెబుతున్నది. అయినా, అక్కడ తమ కంపెనీలు తవ్వి తీసినది వాటి సొంతమేనని అమెరికా 2015లో చట్టం చేసింది. మన వాగులకూ పట్టాదారు లేడు; ఇసుక మాత్రం లారీలకెక్కుతుంది, చుట్టుపక్కల బావులు ఎండుతాయి.

చంద్రుని సంపద మానవులందరి ఉమ్మడి ఆస్తి అన్న 1979 ఒప్పందంపై భారతదేశం 1982లో సంతకం చేసింది. కానీ దానిని ఇంతవరకు ధ్రువీకరించలేదు.

తవ్వకం సులువూ కాదు. ఆరు అపోలో యాత్రలు కలిసి తెచ్చినది 382 కిలోల రాళ్లు, మట్టి మాత్రమే. కాబట్టి ఆలోచించుకునేందుకు ఇంకా సమయమున్నది.

అమ్రాబాద్ నల్లమలలో యురేనియం తవ్వవద్దని జనం మొరపెట్టగా, 2019లో శాసనసభ తీర్మానం చేసింది. చంద్రునిపై మొరపెట్టే ఊరు లేదు. అందుకే ఎవరి వాటా ఎంతో గడ్డపార దిగకముందే దేశాలన్నీ కూర్చుని తేల్చుకోవాలి.