అమల్ ఎవరికి సంజాయిషీ ఇవ్వాలి?

ముస్లిం అమ్మాయి కథ అనగానే మనలో చాలామందికి ముగింపు ముందే తెలిసిపోతుంది. చివరికి ఆమె ముసుగు తీసి పారేయాలి. తీస్తే అభ్యుదయం, తీయకపోతే మత ప్రచారం! మొన్న హోసూరులో నలుగురం కూర్చున్నప్పుడు ఒక మిత్రుడు రండా అబ్దెల్ ఫత్తా నవల 'డజ్ మై హెడ్ లుక్ బిగ్ ఇన్ దిస్?' (2005) మీద ఈ తీర్పే చెప్పారు. ఆయన దాన్ని చదవలేదు, అది వేరే సంగతి.

అందులో అమల్‌కి పదహారేళ్లు. పాలస్తీనా కుటుంబం, పుట్టింది ఆస్ట్రేలియాలో, ఉండేది మెల్‌బోర్న్‌లో. టీవీలో 'ఫ్రెండ్స్' చూస్తూ చూస్తూ, ఇకమీదట హిజాబ్ వేసుకోవాలని నిర్ణయించుకుంటుంది. ఇంట్లో ఎవరి బలవంతమూ లేదు. బడిలో ఏమవుతుందోనని జంకేది అమ్మానాన్నలే. నమాజు మానదు, అద్దమూ వదలదు. క్లాసులో ఒక అబ్బాయి మీద మనసూ పడుతుంది. 2002లో బాలిలో బాంబులు పేలితే సంజాయిషీ మాత్రం ఈ పిల్ల ఇవ్వాలట!

బలవంతపు ముసుగు లేదా అంటే, ఉంది. ఆ కథలూ రావాలి. ఈ రచయిత్రి కూడా ఇంటి తప్పులు దాచలేదు. స్నేహితురాలు లైలాకి చదువు మీద ప్రాణం. తల్లికి ఆమె పెళ్లి మీద. ఊరి ఆచారాన్నే మతమనుకునే ఆ తల్లి మీద అమల్‌కి ఒళ్లు మండుతుంది.

నాకు గుచ్చుకున్నది మాత్రం ఇస్మాయిల్ పోయి 'జో' అయిన పెద్దమనిషి. ఆయన్ని మనం ఎరగమా? బస్సులో పక్కవాడు వింటాడని బిడ్డతో తెలుగు మాట్లాడనివాళ్లు మన వీధుల్లో లేరా? ఇంట్లో ఒక భాష, బడిలో ఒక భాషగా పెరిగినవాళ్లం. "ఇంతకీ మీదే ఊరు?" అంటే ఎంత విసుగో తెలిసినవాళ్లం. దూదేకులవారి ఇంటిభాష తెలుగే అయినా, "మీరు తెలుగు భలే మాట్లాడతారే!" అని వాళ్లనే మెచ్చుకుంటాం.

2022 మార్చిలో కర్ణాటక హైకోర్టు తరగతి గదుల్లో హిజాబ్ నిషేధాన్ని సమర్థించింది. అక్టోబరులో సుప్రీంకోర్టు న్యాయమూర్తులిద్దరూ చెరో తీర్పు ఇచ్చారు. ఆ రోజుల్లో మా సమావేశంలో అందరం మాట్లాడాం. ఆ వయసు పిల్ల ఒక్కతీ మాట్లాడలేదు. మేం పిలిస్తే గదా!

మిత్రుడికి పుస్తకం ఇచ్చాను. "ఆఖరికి తీస్తుందా, లేదా?" అని అడిగారు. చెప్పలేదు.