డాక్టరుకు పాఠం ఉంది, మరి రోగికి?

పుత్తూరు అనగానే ఎవరికైనా గుర్తొచ్చేది ఎముకల కట్టు. చేయి విరిగినా, కాలు బెణికినా తమిళనాడు, కర్ణాటకల నుంచి కూడా జనం ఇక్కడికి వస్తారు. కట్టుతో ఇల్లు చేరాక ఈమధ్య మరో పని మొదలవుతోంది. ఎక్స్‌రేను ఫోన్‌లో ఫొటో తీసి చెన్నైలోనో బెంగళూరులోనో ఉన్న కొడుక్కి వాట్సాప్‌లో పంపడం, అతను దాన్ని తెలిసిన డాక్టరుకు పంపడం. 'ఏం పర్లేదంట నాన్నా' అని జవాబొస్తుంది. ఆ ఫొటోలో ట్యూబులైటు మెరుపే పడిందో, విరిగిన చోటు కనిపించిందో ఎవరూ అడగరు.

ఫోన్‌లో వైద్యం చెడ్డదని కాదు. ప్రభుత్వ ఈ-సంజీవని సేవ 2019 నవంబరులో మొదట మొదలైంది మన రాష్ట్రంలోనే. 2020 మార్చి 25న కేంద్రం టెలిమెడిసిన్ మార్గదర్శకాలిచ్చింది. ఆన్‌లైన్‌లో వైద్యం చేసే డాక్టర్లు ఇందుకోసం ఒక ఆన్‌లైన్ కోర్సు తప్పనిసరిగా పూర్తి చేయాలని అందులో ఉంది. ఇవతల ఫోన్ పట్టుకుని కూర్చున్న రోగికి మాత్రం ఏ పాఠమూ లేదు. అసలు లోటు అదే.

నేర్చుకోవాల్సింది కొండంత ఏమీ కాదు. ఆన్‌లైన్‌లో ఇచ్చిన మందుల చీటీపైనా డాక్టరు రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. మత్తుకు అలవాటు చేసే కొన్ని మందులను ఇలా రాయకూడదు. 14 అంకెల 'అభా' నంబరుతో మీ రిపోర్టులు వేరే డాక్టరు చూడాలంటే మీ అనుమతి కావాలి, ఇచ్చిన అనుమతిని మీరు వెనక్కి తీసుకోవచ్చు కూడా. ఆ పేరు చెప్పి ఎవరైనా ఫోన్‌లో ఓటీపీ అడిగితే చెప్పొద్దు.

అన్నిటికన్నా ముందు తెలియాల్సింది, ఫోన్ ఎక్కడ పనికిరాదో. కట్టు కింద వేళ్లు చల్లబడినా, పాలిపోయినా, నీలంగా మారినా, తిమ్మిరెక్కినా, నొప్పి గంటగంటకూ పెరుగుతున్నా వీడియో కాల్ కోసం ఎదురుచూడకండి. బిగుసుకున్న కట్టు రక్తాన్ని ఆపేస్తే కొన్ని గంటల్లోనే చేయి పనికిరాకుండా పోవచ్చు. 108కి ఫోన్ చేసి పెద్దాసుపత్రికి వెళ్లండి. అత్యవసరంలో టెలిమెడిసిన్ డాక్టరు చేయగలిగింది ప్రథమ చికిత్స చెప్పి ఆసుపత్రికి పంపడమే.

జ్వరంతో మూలుగుతున్నప్పుడు యాప్ నేర్చుకోవడం ఎవరివల్లా కాదు. ఈసారి సెలవుకు ఊరొచ్చినప్పుడు అమ్మానాన్నల పక్కన కూర్చుని, ఈ-సంజీవనిలో ఒక్కసారి వాళ్ల చేతే లాగిన్ చేయించండి. మీరు నొక్కి చూపిస్తే తెల్లారేసరికి మరిచిపోతారు. ఎక్స్‌రేను కిటికీ వెలుతురుకు ఎదురుగా పట్టుకుని, తేదీ, పేరు కనిపించేలా ఎలా ఫొటో తీయాలో కూడా అప్పుడే చూపించండి.