విడుదల అంటే సరిపోదు

'నిర్దోషిగా విడుదల.' ఎక్విట్ అయినా, డిశ్చార్జ్ అయినా, ఎగ్జోనరేట్ అయినా మన తెలుగు న్యూస్‌లో చాలాసార్లు ఇదే హెడ్డింగ్. నాకైతే ఇది అన్యాయం అనిపిస్తుంది.

నేరం రుజువు చేయలేకపోతే ఎక్విట్ చేస్తారు. దానికి మనకి చక్కటి మాటే ఉంది, 'కేసు వీగిపోయింది' అని. ఎగ్జోనరేట్ వేరు. లాటిన్‌లో 'ఓనస్' అంటే బరువు, ఆ బరువు దించడం అన్నమాట. ఆ మనిషి తప్పు చేయలేదని బయటపడినప్పుడే ఈ క్రియ వాడాలి. దీనికి కర్త కోర్టే కానక్కర్లేదు, ఒక డీఎన్ఏ రిపోర్టు కూడా కావచ్చు.

వినాయక చవితి కథ గుర్తుందా? శమంతకమణి విషయంలో కృష్ణుడి మీద నీలాపనింద పడింది. సాక్ష్యం లేదు కదా అని ఆయన ఊరుకోలేదు. అడవికి వెళ్లి, జాంబవంతుడితో పోరాడి, మణి తెచ్చి సత్రాజిత్తుకి ఇచ్చాడు. అదీ ఎగ్జోనరేషన్ అంటే!

ఇక మన సీఎస్‌ఈ వాళ్లు తప్పక తెలుసుకోవాల్సిన కేసు ఒకటుంది. బ్రిటన్ పోస్టాఫీసుల్లో 1999 నుంచి ఫుజిట్సు వాళ్ల హొరైజన్ సాఫ్ట్‌వేర్ వాడారు. అది లెక్కల్లో లేని లోటు చూపించింది. డబ్బు తిన్నారని పోస్టాఫీసులు నడిపేవాళ్లని దోషులన్నారు, 900 మందికి పైగా. సీమా మిశ్రా అనే ఆవిడ 2010లో గర్భంతో ఉండగా జైలుకెళ్లింది. సాఫ్ట్‌వేర్‌లో బగ్స్ ఉన్నాయని హైకోర్టు చెప్పింది 2019లో! 2021 ఏప్రిల్‌లో ఆవిడతో సహా 39 మందిపై తీర్పులు కొట్టేశారు. 2024లో ఏకంగా పార్లమెంటే చట్టం చేసి వందలమందిపై తీర్పులు రద్దు చేసింది.

ఇప్పుడు సీమా గురించి తెలుగులో ఏమని రాస్తాం? 'విడుదల చేశారు' అనలేం, ఆవిడ ఎప్పుడో బయటికొచ్చేసింది. 'శిక్ష రద్దు' అన్నా కుదరదు, శిక్ష అనుభవించడం కూడా అయిపోయింది. పోయింది దోషి అన్న ముద్ర. 'క్షమాభిక్ష' అంటే ఇంకా ఘోరం, తప్పు చేసినవాళ్లకి కదా క్షమ! 'క్లీన్ చిట్' కూడా నాకు నచ్చదు, ఎవరో దయతలచి చీటీ రాసిచ్చినట్టు ఉంటుంది.

నా ఓటు 'నిర్దోషి అని తేలింది'కే. కోర్టు పేరు కూడా చెప్పాలంటే 'తేల్చింది' అనొచ్చు. కానీ నాకు 'తేలింది' అన్నదే ఇష్టం. నీళ్లలోకి ఎంత అదిమినా చెక్క పైకి వచ్చినట్టు ఉంటుంది ఆ మాట, అదిమి పెట్టింది పదకొండేళ్లయినా సరే.